దయ కాదు, బాకీ: అమెరికా రైలు కార్మికుల వితంతువుల పింఛను

చరిత్ర చదివేటప్పుడు ముందుగా మాటల్ని పరీక్షించడం తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి అలవాటు. రైలు కార్మికుడి ముసలితనానికీ, అతని మరణానంతరం భార్యకూ అందే సొమ్మును యజమానులు "వితరణ" అన్నారు. కార్మికులు "హక్కు" అన్నారు. అమెరికాలో మొదటి మాట నుంచి రెండవ మాటకు రావడానికి అరవైయేళ్ళు పైబడింది.

1884లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే కంపెనీ పింఛను పథకం పెట్టింది. 1900లో పెన్సిల్వేనియా కంపెనీ, 70 యేళ్ళు నిండినవారికి, చివరి పదేళ్ళ సగటు జీతంలో నూటికి ఒక వంతు చొప్పున, పనిచేసిన యేళ్ళన్నిటికీ లెక్కగట్టి యిచ్చింది. పైకి యిది ఔదార్యమే. కాని యిటువంటి పథకాలలో పింఛను చట్టరీత్యా బాకీ కాదు. కంపెనీ తలచుకుంటే తగ్గించవచ్చు, మానివేయనూవచ్చు. పైగా సర్వీసు మధ్యలో తెగకూడదు. సమ్మెలోకి దిగితే సర్వీసు తెగినట్టే! రేపటి గంజిని చూపించి నేటి పోరాటాన్ని ఆపడమే దీని పరమార్థం.

1934లో అమెరికా కాంగ్రెసు రైలు కార్మికుల పింఛను చట్టం చేసింది. 1935 మే నెలలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల మాటమీద, నలుగురు కాదంటున్నా, దానిని కొట్టివేసింది. తీర్పు రాసిన రాబర్ట్స్ వాదం గమనింపదగినది. యజమాని వితరణ స్థానంలో ప్రభుత్వ దానం వస్తే, యజమానిపట్ల కార్మికునికి వుండే విధేయత శాసనసభపట్ల కృతజ్ఞతగా మారుతుందట! వితరణకు ప్రతిఫలం విధేయతేనన్న రహస్యాన్ని కార్మిక నాయకులు కాదు, న్యాయమూర్తే బయటపెట్టాడు.

చివరకు యూనియన్లకూ కంపెనీలకూ ఒప్పందం కుదిరి, 1937లో చట్టం నిలిచింది. ఉభయులూ సమానంగా పన్ను చెల్లించాలి. మరి భార్య మాటేమిటి? మామూలుగా ఆమెకు దక్కేది, 1936 తరువాత భర్త సంపాదించిన దానిలో నూటికి నాలుగు వంతుల ఏకమొత్తం మాత్రమే. నెలనెలా భృతి కావాలంటే, భర్త బ్రతికివుండగానే తన పింఛను తగ్గించుకోవడానికి ఒప్పుకోవాలి. అంటే భార్య భవిష్యత్తు భర్త నోటికాడి ముద్దలోంచి రావాలి. ఏ అర్ధరాత్రి పిలుపు వచ్చినా భర్తను డ్యూటీకి సిద్ధంచేసి పంపిన ఆమె శ్రమకు ఆ లెక్కలలో పద్దే లేదు.

1946లో క్రాసర్ సవరణలు వచ్చాయి. 1947 నుంచి వితంతువులకూ, పిల్లలకూ నెలసరి భృతి చట్టబద్ధమయింది. భర్త తన పింఛను కోసుకోవలసిన అగత్యం లేకపోయింది. అయినా పసిపిల్లలు లేని వితంతువు 65 యేళ్ళు నిండేదాకా ఆగాలి. 1954లో గాని యీ వయస్సు 60కి తగ్గలేదు. యాభైయేళ్ళకు భర్త పోయిన స్త్రీ ఆ మధ్యకాలం యెలా బ్రతకాలో చట్టం చెప్పలేదు.

1974 చట్టం పింఛనును రెండంతస్తులు చేసింది. రైల్వేకు ప్రత్యేకమైన రెండవ అంతస్తులో భర్తకు వచ్చేదానిలో సగమే వితంతువుకు దక్కేది. 2001 సవరణతో అది ప్రారంభంలో పూర్తి మొత్తమయింది. ఒకరు పోయినంత మాత్రాన ఇంటి అద్దె సగం కాదని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పింఛను అంటే వాయిదాపడిన జీతమని మనం అంటాం. ఆ మాట నిజమైతే, ఆ జీతాన్ని ఇంటి నుంచి సగం మోసిన మనిషికి అది బాకీయే గాని దయ కాదు. మన యూనియన్ల కోర్కెల పత్రాలలో ఆమె పేరు యెన్నో అంశంగా వస్తున్నదో మనమే చూసుకోవాలి.