తవుటిపాలైన ప్రాణశక్తి

సెప్టెంబరు మాసపు తొలి యేడు దినములను 1982 నుండి మనదేశమున జాతీయ పోషకాహార వారోత్సవముగా జరుపుచున్నారు. అంగన్‌వాడీలయందును పాఠశాలలయందును ఆకుకూరలను, పప్పుదినుసులను బల్లలపై పేర్చి వాని గుణములను పిల్లలకు వివరించు ఈ తరుణమున, మన విస్తరినడుమ నుండు అన్నముయొక్క చరిత్రను స్మరించుకొనుట సముచితము; ఏలయన, వరి సమృద్ధిగా పండు సీమలయందే, కడుపునిండ తిన్నవారినే, ఆ అన్నము చిరకాలము రోగపీడితులను గావించినది.

చరకసంహిత శాలిధాన్యములలో రక్తశాలికి అగ్రస్థాన మొసగినది. అటుపిమ్మట అనేక శతాబ్దములు పల్లెపల్లెన రోలును రోకలియు వడ్లను బియ్యముగా మార్చుచుండగా, గింజను అంటిపెట్టుకొన్న సన్నని పొర కొంత నిలిచియుండుటచే, దాని విలువ నెఱుగనివారును దాని ఫలము ననుభవించిరి. పదునేడవ శతాబ్దమున బటేవియాలోని డచ్చి వైద్యుడు బోంటియస్, కాళ్లను చచ్చుబడజేయు బెరిబెరి వ్యాధిని వర్ణించెను. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆవిరిమరలు వ్యాపించి బియ్యమునకు తెల్లని నిగ్గు తెచ్చిన పిమ్మట, జావా చెరసాలలలోను జపాను యుద్ధనౌకలలోను ఆ వ్యాధి విజృంభించెను.

1886లో డచ్చి ప్రభుత్వము పంపిన పరిశోధకబృందముతో జావాకు వచ్చిన యువవైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, పెద్దలు స్వదేశమునకు మరలిన పిమ్మట, బటేవియా సైనికవైద్యశాలను ఆనుకొనియున్న చిన్న ప్రయోగశాలలో నిలిచి, వ్యాధిమూలమగు సూక్ష్మక్రిమిని వెదకుచుండెను. ప్రయోగమునకై పెంచుచున్న కోళ్లు కొంతకాలమునకు తూలి పడసాగెను. రోగబీజము నెక్కించినవియు ఎక్కింపనివియు నొక్కతీరుననే జబ్బుపడుటచే ఆయనకు దారి తోచలేదు. అంతలోనే, ఔషధమేమియు లేకయే, అవి లేచి తిరుగసాగెను. విచారింపగా, ప్రయోగశాల సేవకుడు వ్యయము తగ్గించుటకై వైద్యశాల వంటయింటి తెల్లని అన్నమును కోళ్లకు పెట్టుచుండెననియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సైన్యపు అన్నము పౌరుల కోళ్లకు చెందదని నిరాకరింపగా ఆ కోళ్లకు మరల ముడిబియ్యము పెట్టిరనియు తెలియవచ్చెను. ఒక వంటవాని కర్తవ్యనిష్ఠయు, దానిని ఉపేక్షింపక దాని వెంట నడచిన శాస్త్రజ్ఞుని నిశితదృష్టియు ఏకమై మానవజాతికి చేసిన ఈ మేలును తలచిన ప్రతిసారియు నా మనస్సు కృతజ్ఞతతో నిండును.

ఐక్‌మన్ పక్షమున వోర్డర్‌మన్ అను వైద్యాధికారి 101 చెరసాలలను పరిశీలింపగా, తెల్లబియ్యము తిన్న ఖైదీలలో 39 మందికి ఒక్కరు వ్యాధి పాలైరి. ముడిబియ్యము తిన్నవారిలో 10,000 మందికి ఒక్కరు. పిండిపదార్థమున విషమున్నదనియు పైపొర దానికి విరుగుడనియు ఐక్‌మన్ భావింపగా, ఆయన స్థానమున పనిచేసిన గ్రీన్స్ 1901లో సత్యము నిరూపించెను: ఆ పొరలో శరీరమునకు అత్యవసరమగు పదార్థ మున్నది, అది లోపించుటయే వ్యాధి. 1926లో అదే బటేవియా నగరమున యాన్సెన్, డోనాత్ అనువారు తవుటినుండి ఆ పదార్థమును స్ఫటికరూపమున వేరుచేసిరి. నేడు దానినే థయమిన్, విటమిన్ బి1 అనుచున్నాము. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఈ కథకు తెలుగునాటితో సన్నిహితసంబంధ మున్నది. భారతదేశమున బెరిబెరి స్థిరనివాస మేర్పరచుకొన్నది ప్రధానముగా ఉత్తర సర్కారులయందే. మనవారు మరపట్టిన పచ్చిబియ్యమును కడిగి, గంజి వార్చి వండుకొనగా, తవుడు గేదె తొట్టికిని, కడుగునీరును గంజియు కుడితిలోనికిని చేరెను. నీట కరగు థయమిన్ వాని వెంటనే పోయెను. దక్షిణమున తమిళులు వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి మరపట్టిన ఉప్పుడు బియ్యమును తినుటచే, ఊకక్రిందనే ఆ సారము గింజలోనికి ఇంకి వారిని కాపాడినది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో ఆరంభించిన బెరిబెరి పరిశోధనయే పెరిగి, 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది.

అటుపిమ్మటి చరిత్ర ఒక్క దారిని నడువలేదు. బెరిబెరి తగ్గినది, మధుమేహము పెరిగినది. రోకళ్లు మూలపడినవి, మరలు ఊరూర వెలసినవి. దంపుడు బియ్యము త్వరగా పురుగుపట్టుటచేతను కమరువాసన వచ్చుటచేతను వర్తకులు దానికి వెనుదీసిరి. ఇటీవలి యేండ్లలో చౌకదుకాణముల బియ్యమున ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చిన గింజలను కలిపి పంచిరి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా ప్రకటింపగా, కొఱ్ఱలు, సామలు పట్టణములలో ఖరీదైన సరకులైనవి.

ఆరోగ్యము ధాన్యమునందెంత యున్నదో, దానిని దంచు, కడుగు, వండు తీరునందును అంతయే యున్నది. కావున గంజి వార్పక అత్తెసరు పెట్టి వండుటను, అన్నమునకు పప్పును ఆకుకూరను తోడుచేయుటను ప్రతి గృహమును అలవరచుకొనవలెను. ప్రభుత్వమువారును వసతిగృహముల పిల్లలకు తక్కువ పాలిషు పట్టిన బియ్యమును, పాతబడక మునుపే, అందజేయవలెను. తవుటిలోనికి పోనిచ్చి పిమ్మట మాత్రలలో కొని తెచ్చుటకన్న గింజలోనే నిలుపుకొనుట అన్నివిధముల శ్రేయస్కరము.