ఒకటా, అనేకమా?

ఇంగ్లీషు గ్రామర్‌లో కలెక్టివ్ నౌన్ దగ్గర వచ్చే చిక్కు ఒకటే: గుంపుని ఒకటిగా చూడాలా, అందులోని మనుషులుగా చూడాలా? తెలుగులోనూ ఉందీ తిరకాసు. జట్టు గెలిచింది అంటాం, జనం వచ్చారు అంటాం. అమెరికాలో ఇలాంటి చిక్కే రాజ్యాంగంలోకి ఎక్కింది.

'యునైటెడ్ స్టేట్స్' కచ్చితంగా కలెక్టివ్ నౌన్ కాదు, రూపంలో బహువచనం. 1787లో రాసిన రాజ్యాంగం దేశద్రోహాన్ని నిర్వచిస్తూ ఆ పేరుకి 'దెమ్' అని వాడింది. అంటే 'అది' కాదు, 'అవి'. రాష్ట్రాలు కలిశాయి సరే, ఒకటయ్యాయా? బానిసత్వాన్ని కాపాడుకోడానికి దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి, 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఈ ప్రశ్న ప్రాణాల మీదికొచ్చింది.

యుద్ధానికి ముందు 'ఆర్', తర్వాత 'ఈజ్' అని ఒక కథ ప్రచారంలో ఉంది. కెన్ బర్న్స్ 1990 డాక్యుమెంటరీలో షెల్బీ ఫుట్ కూడా ఇదే చెప్పాడు. వినడానికి బావుంటుంది. కానీ 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ చూడండి. అందులో ఉన్నది 'దెయిర్'. గెలిచినవాళ్ళు రాసిన వాక్యంలోనే బహువచనం! ఏ రాష్ట్రమూ తనంతట తాను విడిపోవడం చెల్లదని 1869లో, టెక్సస్ వర్సెస్ వైట్ కేసులో, సుప్రీంకోర్టు తేల్చేసింది. ఏకవచనం స్థిరపడటానికి మాత్రం ఆ తర్వాతా ఏళ్ళు పట్టింది.

విడిపోయే హక్కు లేదని తేల్చడానికి యుద్ధం సరిపోయింది, నోటి అలవాటు మార్చడానికి సరిపోలేదు. చరిత్రనంతా ఒక్క క్రియాపదంలో ఇరికించే కథ వినిపిస్తే, ఆనాటి కాగితం ఒకసారి తీసి చదవడం మంచిది.