పంతులు కట్టిన జట్టు: హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర, గోదావరి అడవి అంచు

భారత ఫుట్‌బాల్‌కు ఒకే ఒక్క స్వర్ణయుగం ఉంది. అది 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణంతో మొదలై 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణంతో ముగిసింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మూడు పోటీల్లోనూ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన హైదరాబాద్‌లో బడిపంతులు. జట్టులో కీలకమైన ఆటగాళ్లలో చాలామంది కూడా హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో పుట్టి పెరిగినవారే. నాటి హైదరాబాద్ ఫుట్‌బాల్ బడి, కాలేజీ మైదానాల్లో పుట్టింది. పోలీసు ఉద్యోగాల నీడన పెరిగింది. ఆ ఆధారాలు పోయాక క్షీణించింది. నగరం ఇంత ఎత్తుకు ఎదిగినా, అదే రాష్ట్రంలో ఉన్న ఖమ్మం, భద్రాచలం అడవి ప్రాంతాలకు ఈ ఆట సంప్రదాయం చేరలేదు.

మైదానాలు, కాలేజీలు

హైదరాబాద్ ప్రాంతానికి ఫుట్‌బాల్ సికింద్రాబాద్ కంటోన్మెంట్ ద్వారా వచ్చింది. అక్కడి బ్రిటిష్ సైనికుల ఆటను చూసి చుట్టుపక్కల పిల్లలు నేర్చుకున్నారు. అయితే సైనికుల ఆట నగరవాసుల ఆటగా మారింది విద్యాసంస్థల వల్లే. మూసీ ఒడ్డున 1921లో సిటీ కాలేజీ భవనం లేచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యకు తలుపులు తెరిచింది. మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి ఇళ్ల కుర్రాళ్లు ఈ సంస్థల్లో చదువుకుంటూ సాయంత్రాలు మైదానంలో గడిపారు. క్రికెట్‌కు బ్యాట్లు, ప్యాడ్లు, పిచ్ కావాలి. ఫుట్‌బాల్‌కు ఒక బంతి చాలు. ఆ రోజుల్లో బూట్లు కూడా అక్కర్లేదు, ఉత్తి కాళ్లతోనే ఆడేవారు.

సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ‘ఎలెవెన్ హంటర్స్’ అనే జట్టు కట్టారు. చదువు అయిపోయాక కూడా ఆటను వదలలేని పాత విద్యార్థులు, కొత్తగా చేరిన కుర్రాళ్లు ఒకే జట్టులో ఆడటం ఇక్కడి ప్రత్యేకత. అనుభవజ్ఞుడి మెలకువ పక్కనే పరుగెత్తే కుర్రాడికి అందేది. ఆ జట్టులో ఆడినవారిలో రహీం ఒకరు.

రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ దాని ఫుట్‌బాల్ జట్టులో పేరు తెచ్చుకున్నారు. నగర లీగ్‌లో గట్టి జట్టుగా పేరున్న కమర్ క్లబ్ తరఫున కూడా ఆడారు. బీఏ పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, చివరి రెండు పాఠశాలల్లో క్రీడల బాధ్యత చేపట్టారు. శిష్యులు ఆయనను ‘రహీం సాబ్’ అని పిలిచేవారు.

1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం పునర్వ్యవస్థీకరణ జరిగింది. డేవిస్ కప్ టెన్నిస్‌లో భారత్‌కు ఆడిన వాడూ, రంజీ ట్రోఫీలో తొలి శతకం కొట్టినవాడూ అయిన ఎస్.ఎం. హాదీ అధ్యక్షుడయ్యారు. 1943లో రహీం కార్యదర్శిగా వచ్చారు. కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. నగరంలో లీగ్ క్రమం తప్పకుండా సాగేలా చూడటం ఆయన మొదటి పని. రెండో పని అంతకంటే ముఖ్యమైనది. పిల్లలకు ఆట నేర్పడానికి ఆయన కొత్త రకం పోటీలు పెట్టారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. మరో పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. ఇంకో పోటీ ఎత్తును బట్టి, పొట్టి పిల్లలు పొట్టి పిల్లలతోనే తలపడాలి. ఒంటరి విన్యాసానికి కాకుండా బంతిని వేగంగా ఒకరి నుంచి ఒకరికి అందించే సమష్టి ఆటకు ఈ పోటీలు బాట వేశాయి. రెండు కాళ్లనూ సమానంగా వాడగల హైదరాబాదీ ఆటగాళ్లకు దేశమంతటా ఉన్న పేరు ఇలా వచ్చినదే.

పోలీసు జట్టు

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. కాలేజీ, క్లబ్ మైదానాల్లో మెరిసిన కుర్రాళ్లకు పోలీసు శాఖ ఉద్యోగాలు ఇచ్చింది. పేద ఇంటి కుర్రాడికి నెల జీతం, ఇంటికి భరోసా, రోజూ సాధన చేసుకునే వీలు దొరికాయి. ఆటకు భవిష్యత్తు ఉందని తల్లిదండ్రులు నమ్మడానికి ఆ జీతమే కారణం.

ఫలితం వెంటనే కనిపించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957 సీజన్లలో సాధించింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడిన జట్టు 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు 1949, 1950 సీజన్ల ఫైనల్స్‌లో బెంగాల్ చేతిలో ఓడింది. 1956, 1957 సీజన్లలో వరుసగా విజేతగా నిలిచింది. 1965లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల ఆధిపత్యం నడుస్తున్న కాలంలో ఒక పోలీసు జట్టు ఇన్ని కప్పులు తేవడం మామూలు విషయం కాదు.

హెల్సింకి నుంచి జకార్తా దాకా

1951 ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ ఇరాన్‌ను 1–0తో ఓడించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్ చేదు అనుభవం మిగిల్చింది. చల్లటి నేల మీద చాలామంది ఉత్తి కాళ్లతో ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడింది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం ఆటతీరునూ మార్చారు. హంగేరీ జట్టు చూపిన దారిలో సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనక్కి జరిపి, ప్రత్యర్థి రక్షణను బయటికి లాగే వ్యూహం అమలుచేశారు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ప్రసిద్ధం చేసిన 4–2–4 అమరికకు దగ్గరి రూపాన్ని భారత జట్టు అంతకుముందే ఆడింది.

మెల్‌బోర్న్‌లో మొదటి రౌండ్‌లో హంగేరీ తప్పుకోవడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. 1956 డిసెంబరు 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4–1తో, కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3–0తో భారత్ ఓడింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం భారతే. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటివారు ఉన్నారు.

1962 జకార్తా రహీంకు చివరి పోటీ. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన జట్టును ఆయన తిరిగి నిలబెట్టారు. థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను దాటి వచ్చిన భారత్, సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్లీ స్వర్ణం గెలవలేదు.

అభిమానులు మరువని ఆటగాళ్లు

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడాడు. జాతీయ జట్టులో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి భారత్ చూసిన గొప్ప ఫార్వర్డ్ త్రయంలో ఒకడయ్యాడు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై ఏళ్లు రాకముందే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో మరణించాడు. హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి, 1956, 1960 ఒలింపిక్స్ ఆడి, ఆసియాలోనే మేటి గోల్‌కీపర్‌గా పేరు పొందాడు. యూసుఫ్ ఖాన్ జకార్తా స్వర్ణ జట్టు సభ్యుడు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ వెళ్లిన జట్టులో ఉన్నాడు. తర్వాత వాయుసేన అధికారిగా, అంతర్జాతీయ రిఫరీగా పనిచేశాడు.

తరువాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య పురస్కారాలు రెండూ అందుకున్నాడు. మహమ్మద్ హబీబ్ 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. అతని తమ్ముడు అక్బర్ కూడా కలకత్తా మైదానాల్లో పేరు మోశాడు. షబ్బీర్ అలీ భారత జట్టు కెప్టెన్ అయ్యాడు.

ఎందుకు ఎండిపోయింది

ఈ జాబితాలోనే పతనానికి కారణమూ ఉంది. బలరాం, నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అందరూ కలకత్తా వెళ్లారు. అక్కడ పెద్ద క్లబ్బులు, పెద్ద జనం, మంచి డబ్బు ఉన్నాయి. తొలి దశలో వెళ్లినవారి స్థానాన్ని రహీం మైదానాలు వెంటనే నింపాయి. ఆయన పోయాక ఆ స్థాయిలో పిల్లలకు నేర్పే వ్యవస్థను ఎవరూ నిలబెట్టలేదు. క్రీడాకారులకు ప్రభుత్వ కొలువులు తగ్గాయి. బడుల మైదానాలు భవనాలకు పోయాయి. 1983 క్రికెట్ ప్రపంచకప్ విజయం తర్వాత పిల్లల చూపు, ప్రాయోజకుల డబ్బు ఆ ఆట వైపు మళ్లాయి. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి నగరానికి మళ్లీ ఒక పెద్ద కప్పు తెచ్చింది. అయితే అది డబ్బుతో కూర్చిన వృత్తి జట్టు. కాలేజీ మైదానం నుంచి ఆటగాడిని పైకి తెచ్చే పాత నిచ్చెన దానికి లేకపోయింది.

గోదావరి అడవి అంచు

హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలుగుతున్న కాలంలో ఖమ్మం అదే హైదరాబాద్ రాష్ట్ర భూభాగం. 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. గోదావరి అవతలి భద్రాచలం మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ కింద, తర్వాత తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మంలో కలిసింది. ఒకే అడవి రెండు పాలనల మధ్య చీలి ఉండటంతో రెండు వైపులా బడులూ, రోడ్లూ ఆలస్యంగా వచ్చాయి. ఖమ్మం ప్రభుత్వ కళాశాల మొదలైన 1956లోనే హైదరాబాద్ కుర్రాళ్లు మెల్‌బోర్న్‌లో ఆడుతున్నారు. నగరంలో ఆటకు పుట్టిల్లు అయిన కాలేజీ ఈ ప్రాంతానికి అంత ఆలస్యంగా అందింది.

పరుగు, ఓపిక, గురి ఇక్కడి కోయ, కొండరెడ్డి పిల్లలకు అడవి బతుకులోనే అలవడతాయి. ఆశ్రమ పాఠశాలలు వచ్చాక కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ బలపడ్డాయి. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన సంక్షేమ శాఖ క్రీడా పాఠశాలే నడుస్తోంది. ఫుట్‌బాల్‌కు మాత్రం ఏటా జరిగే లీగ్, దాని వెంట వచ్చే ఉద్యోగం ఈ ప్రాంతంలో ఏర్పడలేదు. ప్రతిభ ఉన్నవారు ఊరు విడిచి వెళ్లక తప్పడం లేదు. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష క్రికెట్ శిక్షణ కోసం కుటుంబంతో సహా హైదరాబాద్ తరలింది. 2023, 2025 అండర్–19 మహిళల ప్రపంచకప్పులు గెలిచిన జట్లలో ఆడి, 2025లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఫుట్‌బాల్‌లో నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టు వరకు ఎదిగింది. తండాల నుంచీ, గూడేల నుంచీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు రాగలరనడానికి సౌమ్యే నిదర్శనం.

రహీం పద్ధతికి ఖరీదైన స్టేడియం అవసరం పడలేదు. ఆట తెలిసిన ఒక ఉపాధ్యాయుడు, ఏటా తప్పకుండా జరిగే పిల్లల పోటీలు, చివర ఒక ఉద్యోగ భరోసా దానికి సరిపోయాయి. ఈ మూడింటిలో మొదటి రెండింటినీ భద్రాచలం, కొత్తగూడెం, ఇల్లెందు ఆశ్రమ పాఠశాలల్లో ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మూడోది ప్రభుత్వం చేయాల్సిన పని. మెల్‌బోర్న్, జకార్తా జట్లను గుర్తుచేసుకునే అభిమానులు, క్రీడా సంఘాలు, విద్యాశాఖ ఈ బాధ్యత పంచుకోవాలి. రహీం సాబ్‌కు తెలుగు నేల చెల్లించాల్సిన బాకీ ఇదే.