మోటార్ సైకిల్ ద్రవ శీతలీకరణ వ్యవస్థ

ఇంజన్‌లో పుట్టే అదనపు వేడిని కూలెంట్ అనే ద్రవం ద్వారా రేడియేటర్‌కు చేర్చి గాలిలోకి వదిలే ఏర్పాటును ద్రవ శీతలీకరణ వ్యవస్థ అంటారు.

చరిత్ర: ఇంగ్లండుకు చెందిన స్కాట్ సంస్థ 20వ శతాబ్దపు తొలి దశకాల్లోనే టూ-స్ట్రోక్ మోటార్ సైకిళ్లలో నీటి శీతలీకరణను వాడింది. 1971 నాటి సుజుకి జీటీ750, 1974లో ప్రదర్శితమైన హోండా గోల్డ్ వింగ్ దీన్ని భారీ ఉత్పత్తిలోకి తెచ్చాయి. భారతదేశంలో 2008లో విడుదలైన యమహా ఆర్15 దీన్ని 150 సీసీ తరగతికి పరిచయం చేసింది.

పనితీరు: సిలిండర్ చుట్టూ ఉన్న మార్గాల్లో పంపు కూలెంట్‌ను తిప్పుతుంది. ఇంజన్ వేడెక్కేవరకు థర్మోస్టాట్ మూసుకొని ఉండి, సాధారణంగా 70-85 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. మామూలు ప్రయాణంలో కూలెంట్ ఉష్ణోగ్రత సుమారు 75-105 డిగ్రీలు. ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు గాలి తగలదు కాబట్టి 100 డిగ్రీల ప్రాంతంలో ఫ్యాన్ తిరుగుతుంది. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్లలో కలిపిన కూలెంట్ సాధారణ వాతావరణ పీడనం వద్ద సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. రేడియేటర్ మూత నిలిపే పీడనం ఈ మరుగు స్థానాన్ని ఇంకా పెంచుతుంది.

నిర్వహణ: కుళాయి నీటిలోని లవణాలు పొరకట్టి మార్గాలను పూడుస్తాయి, అందువల్ల డిస్టిల్డ్ వాటర్ వాడతారు. కూలెంట్‌లోని తుప్పును నిరోధించే రసాయనాలు కాలక్రమేణా క్షీణిస్తాయి కనుక తయారీదారు నిర్దేశించిన గడువులో, చాలా బండ్లకు 2-3 ఏళ్లకోసారి, కూలెంట్ మారుస్తారు. రేడియేటర్ రెక్కల్లోని బురద, గొట్టాల పగుళ్లు, మూతలోని రబ్బరు సీలు తనిఖీలో ముఖ్యాంశాలు. వేడిగా ఉన్నప్పుడు మూత తెరిస్తే పీడనంతో చిమ్మే కూలెంట్ ఒంటిని కాలుస్తుంది.

ప్రాధాన్యం: ఉష్ణోగ్రత స్థిరంగా ఉండటం వల్ల అధిక సంపీడన నిష్పత్తి, కచ్చితమైన ఇంధన నియంత్రణ, తక్కువ ఉద్గారాలు సాధ్యమవుతాయి. అతివేడి సిలిండర్ హెడ్ వంగడానికి, గాస్కెట్ దెబ్బతినడానికి, పిస్టన్ పట్టేయడానికి దారితీస్తుంది.