ఆవు, దూడ, పుస్తకం

మనం కాపురముంటున్న ఈ ఐర్లండు దేశంలో ఒకప్పుడు పుస్తకం కోసం యుద్ధమే జరిగిందంటే మన పిల్లలు నవ్వవచ్చు. ఆరవ శతాబ్దంలో కొలంబా అనే సన్యాసి, తన గురువు ఫినియన్ వద్దనున్న కీర్తనల గ్రంథానికి రహస్యంగా నకలు వ్రాసుకున్నాడట. ఆ నకలు కూడా తనదేనని గురువు పట్టుబట్టగా తగవు డియర్మిడ్ రాజు దగ్గరకు వెళ్ళింది. ఆవు ఎవరిదో దూడ వారిదే అయినట్లు, గ్రంథం ఎవరిదో నకలూ వారిదేనని రాజు తీర్పు చెప్పాడట. 561 ప్రాంతంలో స్లైగో సీమలో జరిగిన కూల్ డ్రెవ్నే యుద్ధానికి ఆ తీర్పే మూలమని ఐతిహ్యం. వేరే కారణాలు కూడా ఉన్నవని చరిత్రకారులంటారు.

ఆ నకలే డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో ఉన్న ‘కాహక్’ అనే వ్రాతప్రతి అని పరంపరగా వస్తున్న నమ్మకం. అందులో 58 ఆకులు మిగిలాయి. గురువుగారి మూలగ్రంథం మాత్రం ఈనాడు లేదు. ఆవు పోయింది, దూడ బ్రతికింది! నేడు ఆ పుటల ఛాయాచిత్రాలను ఎవరైనా ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూడవచ్చు.

తరువాతి చరిత్ర కూడా ఆసక్తికరమే. 1710లో అమలులోకి వచ్చిన బ్రిటిష్ కాపీరైట్ చట్టం ఐర్లండుకు వర్తించలేదు. అందుచేత డబ్లిన్ ముద్రాపకులు లండన్ పుస్తకాలను చవకగా మళ్ళీ అచ్చువేసి అమ్ముకున్నారు. 1801లో చట్టం ఇక్కడికీ రావడంతో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. అయితే ప్రచురితమైన పుస్తకాలకు ఒక్కొక్క ప్రతిని పొందే హక్కు ట్రినిటీ కళాశాల గ్రంథాలయానికి దక్కింది. ఇక జేమ్స్ జాయిస్ సంగతి చూడండి. ఆయన 1941లో మరణించారు. నాటి 50 ఏళ్ళ గడువు ప్రకారం 1992లో ఆయన రచనలు అందరివీ అయినాయి. 1995లో గడువు 70 ఏళ్ళకు పెరగడంతో మళ్ళీ తాళం పడింది. ఆ తాళం 2012లో గాని తెరుచుకోలేదు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. సి.పి. బ్రౌన్ దొర పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు నకళ్ళు వ్రాయించకపోతే, మన ప్రాచీన కావ్యాలలో ఎన్ని చెదల పాలయ్యేవో! ఆయన 1829లో వేమన పద్యాలను అచ్చువేయించారు. మన కాలంలో ఆ పనినే యంత్రాలతో తలపెట్టినవారిలో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఆచార్య రాజ్ రెడ్డి ఒకరు. పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా భారత డిజిటల్ లైబ్రరీ వెలసింది. అందులోని తెలుగు పుస్తకాలెన్నో నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా లభిస్తున్నవి.

భారతదేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళకు హక్కు తీరిపోతుంది. 1992కు ముందు ఆ గడువు 50 ఏళ్ళే. 1915లో కన్నుమూసిన గురజాడవారి ‘కన్యాశుల్కం’, 1919లో గతించిన కందుకూరివారి రచనలు ఇప్పుడు జాతి సొత్తు. అయితే పాత పుస్తకానికి నేటివారు వ్రాసిన పీఠికకూ వ్యాఖ్యకూ హక్కు వేరే ఉంటుంది. బ్రతికివున్న రచయిత కష్టార్జితాన్ని ఉచితంగా కోరడం న్యాయం కాదు. అట్లాగే, హక్కు తీరిన పుస్తకాన్ని బీరువాలో బంధించడమూ న్యాయం కాదు.

తాతగారి ఊళ్ళోని గ్రంథాలయం మన పిల్లలకు అందనంత దూరం. తెరమీది పుస్తకం మాత్రం చేతికందుతుంది. కాని చదివేవారు లేకపోతే అదీ తాళం వేసిన బీరువాతో సమానమే. కనుక ప్రతి కుటుంబమూ వారానికొక్క పుట అయినా పిల్లలతో కలిసి చదవాలని మా మనవి. స్వదేశం వెళ్ళినప్పుడు అటకమీది పాత పుస్తకాలను ఒకసారి దుమ్ము దులిపి చూడండి. గడువు తీరినవాటికి నకలు తీయించండి. ఆవు ముసలిదైపోతున్నది, దూడనైనా దక్కించుకుందాం.