ఆన్‌లైన్‌లో మేకప్ సామాన్లు కొంటున్నారా? నకిలీని ఇలా గుర్తించండి

ఈద్ షాపింగ్, పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో మేకప్ సామాన్ల అమ్మకాలు జోరందుకుంటాయి. ‘దుబాయ్ స్టాక్’, ‘ఇంపోర్టెడ్’, ‘ఫస్ట్ కాపీ’ అని పోస్టులు పెడతారు. ఫస్ట్ కాపీ అంటే నకిలీ అనే అర్థం, ఇంకోటి లేదు. వేరే కంపెనీ పేరు తగిలించి అమ్మే సరుకు డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం-1940 ప్రకారం నకిలీ కిందికే వస్తుంది.

కాస్మెటిక్స్ రూల్స్-2020 ప్రకారం మన దేశంలో తయారైన క్రీమ్, లిప్‌స్టిక్ లాంటివాటికి సాధారణంగా లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, తయారీ లైసెన్స్ నంబర్ ఉండాలి. బయటి దేశం సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబర్ ఉండాలి. దుబాయ్ స్టాక్ దొరికిపోయేది ఎక్కువగా ఇక్కడే. అన్నీ నకిలీవని కాదు, సూట్‌కేసులో తెచ్చిన అసలు సరుకు కూడా కావచ్చు. కానీ ముఖం మీద దద్దుర్లు వస్తే ఎవర్ని అడగాలి?

అందుకే ఆర్డర్ పెట్టే ముందే డబ్బా వెనకవైపు, అడుగువైపు ఫొటోలు అడగండి. పంపనంటే ఆ సెల్లర్‌ని వదిలేయడమే మంచిది. వచ్చాక అట్టపెట్టె మీది బ్యాచ్ నంబర్, లోపలి సీసా మీది నంబర్ పోల్చి చూడండి. కంపెనీ పేరులో స్పెల్లింగ్ తప్పు, చెదిరిన ప్రింటు, ఊడొచ్చే సీల్ ఉంటే అనుమానించాల్సిందే. ఖాళీ అయిన అసలు సీసాల్లో వేరేది నింపి అమ్మేవాళ్లూ ఉన్నారు. బార్‌కోడ్ 890తో మొదలైతే ఇండియా సరుకే అనే ఫార్వర్డ్ మెసేజ్ నమ్మొద్దు. కంపెనీ బార్‌కోడ్‌ని ఏ దేశంలో తీసుకుందో మాత్రమే ఆ అంకెలు చెబుతాయి. పైగా దాన్ని కాపీ కొట్టడం చాలా తేలిక.

అన్నిటికంటే ప్రమాదం తెల్లబరిచే క్రీములతో. కేరళలోని కొట్టక్కల్‌లో 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే కిడ్నీ జబ్బు కేసులు 22 బయటపడ్డాయి. వాటిలో ‘నెల్-1’ అనే ఒక రకం 15 మందిలో కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు ఒప్పుకున్నారు. ఇలాంటి క్రీముల్లో కలిపే పాదరసం చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి కిడ్నీలను దెబ్బతీస్తుంది. డబ్బా మీద ‘మెర్క్యూరీ’, ‘కాలోమెల్’ అనే మాటలుంటే ముట్టుకోవద్దు. అసలు ఏం కలిపారో రాయకపోతే అది ఇంకా అనుమానం. కాళ్లు, ముఖం వాచినా, మూత్రం నురగలా వస్తున్నా క్రీమ్ ఆపేసి, ఆ డబ్బా తీసుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, చాటింగ్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. షాపింగ్ యాప్‌లో కొని ఉంటే, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ చెబుతున్నాయి. కాకపోతే తెలిసినామె నంబర్‌కు యూపీఐ కొట్టి తెప్పించుకుంటే ఆ రిటర్న్ సౌకర్యం ఉండదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. రూ.5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు.