క్షయ వార్తలు – విలేఖరుల శిక్షణ

శ్వాసకోశ వ్యాధులను గురించి పత్రికలలో వ్రాసేవారికి ఫెలోషిప్పులిచ్చి, వారిని ఆసుపత్రులకూ శాస్త్రజ్ఞుల మహాసభలకూ పంపడం నేడు వాడుకలోకి వచ్చింది. వార్త వ్రాయడానికి ఇంత శిక్షణ యెందుకని కొందరికి తోచవచ్చు. 1890వ సంవత్సరం నవంబరులో బెర్లిన్ నగరంలో జరిగిన సంగతులు తెలిస్తే ఆ సందేహం చాలావరకు తీరుతుంది.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24వ తేదీన వెల్లడించాడు. అప్పటినుంచి వైద్యలోకంలో ఆయన మాటకు యెదురు లేదు. 1890 ఆగస్టులో బెర్లిన్‌లో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగింది. గినీపందుల శరీరంలో క్షయజీవుల పెరుగుదలను ఆపగల పదార్థం ఒకటి తనకు దొరికిందని కాక్ ఆ సభలో చెప్పాడు. నవంబరులో, దానిని మనుషులకు కూడా యిచ్చి చూసినట్లు ఒక జర్మన్ వైద్యపత్రికలో ప్రకటించాడు. మందు గోధుమవన్నె ద్రవమని చెప్పాడే గాని, అది దేనితో యెట్లా తయారవుతుందో చెప్పలేదు. వ్యాధి బాగా ముదిరినవారి విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోరాదని కూడా ఆ వ్యాసంలోనే వుంది. దినపత్రికలు ఆ జాగ్రత్త మాటలను వదిలివేసి, క్షయకు మందు దొరికిందన్న ముక్కను మాత్రం పట్టుకున్నవి. ఇంకేమున్నది! ఐరోపా నలుమూలలనుంచి రోగులు రైళ్ళెక్కి బెర్లిన్ చేరారు. ప్రయాణానికే తట్టుకోలేని స్థితిలో వున్నవారు కూడా వారిలో వున్నారు.

ఆ రోజులలోనే ఇంగ్లండులోని సౌత్‌సీ నుంచి 31 యేండ్ల వైద్యుడొకడు బెర్లిన్ బయలుదేరాడు. షెర్లాక్ హోమ్స్ కథల రచయితగా పాఠకులు యెరిగిన ఆర్థర్ కానన్ డాయిల్ ఈయనే. లండన్‌లో 'రివ్యూ ఆఫ్ రివ్యూస్' పత్రికను నడుపుతున్న స్టెడ్ ఆయనకు పరిచయపు ఉత్తరాలిచ్చి, కాక్‌ను గురించి ఒక వ్యాసం వ్రాసిపెట్టమన్నాడు. బెర్లిన్‌లో బెర్గ్‌మన్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు కొత్త మందు పనితనాన్ని రోగులపై చూపిస్తూ ఉపన్యాసం ఇవ్వనున్నాడు. డాయిల్‌కు టిక్కెట్టు దొరకలేదు. స్వయంగా అడిగితే బెర్గ్‌మన్ కసరుకున్నాడు. చివరకు డెట్రాయిట్ నుంచి వచ్చిన ఒక అమెరికన్ వైద్యుడు జాలిపడి, తాను ఉపన్యాసంలో వ్రాసుకున్న వివరాలను డాయిల్‌కు ఇచ్చాడు. మరునాడు డాయిల్ వార్డులకు వెళ్ళి రోగులను కళ్ళారా చూశాడు. కాక్ ఇంటికి కూడా వెళ్ళాడు గాని దర్శనం కాలేదు. ముందు హాలులో నిలబడివుండగా, ఐరోపా దేశాల తపాలా బిళ్ళలన్నీ అంటించిన ఉత్తరాలను ఒక సంచీనిండా తెచ్చి నేలమీద కుమ్మరించడం మాత్రం చూశాడు.

వార్డులలో డాయిల్‌కు కనిపించిందేమిటి? చర్మానికి వచ్చే క్షయ ఒకటి వున్నది. దానిని లూపస్ అంటారు. ముఖంమీద పుండ్లు పడతాయి. కాక్ మందును సూదిద్వారా యెక్కిస్తే తీవ్రంగా జ్వరం వచ్చి, ఆ పుండ్ల చుట్టూ వున్న కండ వాచి, చచ్చి, పెచ్చులుగా రాలిపోయేది. కింద కొత్త చర్మం కనిపించేది. చూడవచ్చినవారికి ఇది అద్భుతమే. కాని మందు చంపుతున్నది రోగి కండనే గాని అందులోని సూక్ష్మజీవులను కాదు. చర్మంమీదనైతే చచ్చిన కండ రాలి బయటపడుతుంది. ఊపిరితిత్తిలో చచ్చినది యెక్కడికి పోవాలి? బ్రతికివున్న క్షయజీవులు ఆ కుళ్ళుతోపాటు చుట్టుపక్కలకు వ్యాపించవచ్చు. ఎలుకల బెడద వున్న ఇంటిలో రోజూ పొద్దున్నే వాటి ఆనవాళ్ళను తుడిచివేసి, ఎలుకలే పోయినవనుకోవడం వంటిదని డాయిల్ దీనిని పోల్చాడు. ఈ చికిత్స ఇంకా ప్రయోగదశలోనే వున్నదని హెచ్చరిస్తూ ఆయన అక్కడినుంచే 'డైలీ టెలిగ్రాఫ్' పత్రికకు జాబు వ్రాశాడు. వ్యాధి వున్నదో లేదో తెలుసుకోవడానికి మాత్రం మందు బాగా పనికిరావచ్చునని కూడా ఆయన గ్రహించాడు. ఆ యేడు డిసెంబరులో స్టెడ్ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది.

1891 జనవరిలో, ఆ మందు తీసుకుని మరణించినవారి శవపరీక్షల ఫలితాలను విర్కో బెర్లిన్ వైద్యసంఘంలో చూపించాడు. ఊపిరితిత్తులలో వ్యాధి తగ్గకపోగా కొత్త తావులకు ప్రాకింది. అదే నెలలో కాక్ రహస్యం విప్పాడు: అది క్షయజీవుల పెంపకంనుంచి గ్లిసరిన్‌తో తీసిన సారం. దానికే ట్యూబర్క్యులిన్ అని పేరు.

డాయిల్ కంటే ముందు వ్రాసిన విలేఖరులు అబద్ధమాడలేదు. మందు సూక్ష్మజీవిని చంపుతున్నదా, కండను చంపుతున్నదా అని అడగాలని వారికి తెలియదు, అంతే. ఎనిమిదేండ్లు వైద్యం చేసిన డాయిల్‌కు ఆ ప్రశ్న సహజంగా తట్టింది. అయితే ప్రతి పత్రికకూ ఒక వైద్యుడు దొరకడు గదా! విలేఖరినే చదివించడం రెండవ మార్గం. అమెరికాలో మిల్వాకీ నగరపు పత్రికాధిపతి నీమన్ పేర ఆయన భార్య వ్రాసియిచ్చిన సొమ్ముతో, 1938లో తొమ్మిదిమంది విలేఖరులు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక యేడాది చదువుకోవడానికి వెళ్ళారు. పరీక్షలు లేవు, పట్టాలు లేవు. యిష్టమైన విషయం చదువుకోవచ్చు. ఇతర ఫెలోషిప్పులకు ఇది దారి చూపింది.

పదేండ్ల తర్వాత క్షయకు నిజమైన మందే వచ్చింది. బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి 1948లో ప్రకటించిన పరీక్షలో 55 మందికి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. 52 మందిని మంచంమీద విశ్రాంతిలో మాత్రం వుంచారు. ఆరు నెలలలో మొదటి జట్టులో నలుగురు, రెండవ జట్టులో పద్నాలుగురు మరణించారు. ఇక్కడితో ఆపితే గొప్ప వార్త. కాని అయిదేండ్ల నాటికి రెండు జట్ల మరణాలలో పెద్ద తేడా మిగలలేదు. మందును తట్టుకునే క్షయజీవులు తయారైనవి. రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం అందుకే వచ్చింది. అయిదేండ్ల తర్వాత మళ్ళీ వెళ్ళి అడిగే అలవాటు విలేఖరికి ఒక్క పూట సభతో పట్టుబడదు.

డాయిల్ ఊహ కూడా ఫలించింది. ఫ్రెంచి వైద్యుడు మాంటూ 1908లో రూపొందించిన చర్మపరీక్షలో వాడేది ట్యూబర్క్యులినే. మన దేశంలో బి.సి.జి. టీకాలు 1948లో మదనపల్లెలో మొదలైనప్పుడు, ముందుగా పిల్లలకు చేసింది ట్యూబర్క్యులిన్ పరీక్షే. 1955లో రాజాజీ ఆ టీకాలను బహిరంగంగా వ్యతిరేకించడంతో మద్రాసులో పెద్ద వివాదం చెలరేగింది. చేతిమీద పొక్కు యెర్రగా లేస్తే క్షయజీవి సోకినదని మాత్రమే అర్థం, వ్యాధి వచ్చినదని కాదు. ఈ చిన్న భేదాన్ని తప్పుగా వ్రాస్తే, ఆరోగ్యంగా వున్న పిల్లవాడిని ఇరుగుపొరుగువారు వెలివేసినట్లు చూడవచ్చు.

చెన్నైలోని 'రీచ్' అనే స్వచ్ఛంద సంస్థ భారతీయ భాషల విలేఖరులకు క్షయపై వ్రాసేందుకు ఫెలోషిప్పులిచ్చింది. ఆ సంస్థ మీడియా కార్యక్రమాలకు లిల్లీ అనే ఔషధ కంపెనీ భాగస్వామ్యం కూడా వుండేది. కాక్ తన మందు తయారీని రహస్యంగా వుంచడం వెనుక రాబడి ఆశ కూడా వుండినదని చరిత్రకారులు వ్రాశారు గనుక, డబ్బు యెక్కడిదన్న ప్రశ్నను ఫెలోషిప్పు పొందిన విలేఖరి తన విషయంలో కూడా వేసుకోవలసిందే. 2019లో ఊపిరితిత్తుల ఆరోగ్యంపై 50వ ప్రపంచ మహాసభ హైదరాబాదులోనే జరిగింది. కాబట్టి తెలుగు విలేఖరి అట్టి సభను చూడాలంటే ఆ యేడు బెర్లిన్ దాకా పోనక్కరలేకపోయింది.